గేజీ మనిషి

గుణుపురం వంతెన కింద, మూడో స్తంభం మీద
తెలుపూ నలుపూ గళ్ల కొలబద్ద.
ఇరవయ్యేడేళ్లు దాని అంకె చదివి
ఫోన్లో కిందికి చెప్పడమే నా కొలువు.
కాశీనగరం, హిరమండలం, ఆపైన కళింగపట్నం.
పొద్దున్న నేను పలికిన అంకె
రాత్రికి వాళ్ల గుమ్మాల్లో నీళ్లయ్యేది.

అంకె ఎప్పుడూ ఎవరి గొడ్డునీ కొట్టుకుపోలేదు.
దాని వెనకాల వచ్చేది కొట్టుకుపోయింది.

ఇప్పుడు నా నెత్తురుకో గేజీ పెట్టారు.
సి.ఇ.ఎ. అంటారట.
పేగులో పుండు లేచిందంటే
ఒంటి ఏట్లో దాని మడ్డి కలుస్తుందట.
కోతకు ముందు నలభై ఒకటి.
బరంపురంలో సాబత్ డాక్టరు ఒడియాలో మొదలెట్టి
నా మొహం చూసి తెలుగులోకి దిగాడు:
"అయిదు లోపుండాలి. ముందే ఇంతుంటే
తర్వాత గట్టిగా కాపలా కాయాలి."

కాపలా! నాకు రాని పనా?

జానెడు పైగా పేగు తీశారు.
ఆరు వారాలకి రెండున్నర.
మా ఇంటిది దమయంతి ఆ కాగితాన్ని
పోపుల డబ్బా కింద పెట్టింది. ఇప్పటికీ జీలకర్ర వాసన.
ఆర్నెల్లకి నాలుగు.
తొమ్మిదో నెల, ఆరూ పాయింటు రెండు.

"చుట్ట కాలుస్తావా?"
"ఎప్పుడైనా ఒకటి, బాబూ."
దమయంతి దగ్గింది.
"అదీ పెంచుతుంది అంకెని. మానెయ్. నెలకి మళ్లీ చూద్దాం."

ఆ జాతి అంకె నేనెరిగిందే.
ఓ ఏడు వెదుర్ల మోపొకటి కొట్టుకొచ్చి
కొలబద్దకి అడ్డంపడి, నీళ్లు అరమీటరు ఎగదన్నాయి.
చెప్పేశాను.
కింది ఊళ్లో పిల్లల్నీ బియ్యం బస్తాల్నీ
బడి డాబా ఎక్కించారు.
ఏరు రాలేదు. తిట్లొచ్చాయి.

మరో ఏడు, ఆ తిట్లు గుర్తొచ్చి
ఓ గంట ఆగాను.
ఆ గంట సంగతి దమయంతికి కూడా చెప్పలేదు.

నెలైంది. చుట్టల కట్ట చూరులోనే ఎండిపోతోంది.
నిన్న బస్సులో నా నెత్తురు బరంపురం వెళ్లింది,
ఐసు డబ్బాలో, డ్రైవరు కాళ్ల దగ్గర.

ఇవాళ ఫోను మోగింది.
ల్యాబు కుర్రాడు అంకె చెప్పాడు.
తిరిగి అదే అంకె పలికాను,
తప్పు వినలేదని తెలియడానికి; మా కొలువులో రివాజు.
"ఏ టైము రీడింగు, బాబూ?" అన్నాను.
అవతల కాసేపు ఏమీ లేదు.
ఇన్నేళ్లూ నేను అంకె చెప్పి పెట్టేసినప్పుడు
ఆ చివర ఎవరో ఇలాగే
రిసీవరు పట్టుకు నిలబడి ఉంటారు.

దమయంతి చేటతో గడపలోకొచ్చింది.
ఎంతా అనడగలేదు.
"ఎంత టైముంది?" అంది.