మంచు పద్దు

న్యూపోర్టులో మా అయిదో వార్డున
ప్రతి కిటికీకీ ఒక అట్ట.
నాలుగంచుల మీదా నాలుగంకెలు:
ఇరవై అయిదు, యాభై, డెబ్భై అయిదు, వంద.
ఏ అంకె తలెత్తుకుని నిలబడితే
అన్ని పౌన్ల ఐసు భుజానికెత్తుకుని
నాన్న మెట్లెక్కేవాడు.
మా వీధిలో ఇరవై అయిదుకు మించి తలెత్తిన అంకె లేదు.
అట్ట కనబడని రోజున ఆ ఇంట్లో
చిల్లర లేదని అందరికీ తెలిసేది.
విరిగిన పాల వాసన అంతకుముందే చెప్పేది.

కొండ మీది ఎల్డ్రెడ్జ్ వారి మేడకు అట్ట లేదు.
అక్కడ వెనక గుమ్మం, ఆ గుమ్మానికో గుమాస్తా,
గుమాస్తా చేతిలో తోలు అట్టల పుస్తకం.
శనివారం శనివారం నాలుగు వందల పౌన్లు.
"రాసుకున్నాం" అనేవాడాయన.
ఆ ఒక్క మాటకు నాన్న టోపీ తీసేవాడు.
నేను బండి మీద కూర్చుని
మా నోటుబుక్కులో మరో గీత గీసేదాన్ని.
తొమ్మిదేళ్లు నాకు. కూడికలు అలా వచ్చాయి.
ఆ పేజీలో తీసివేతలు అక్కర్లేకపోయాయి.

ఒకసారి వంటింటి తలుపు సందులోంచి చూశాను.
నాన్న మోసిన దిమ్మెను
తెల్ల టోపీ వంటవాడొకడు ఉలితో చెక్కుతున్నాడు.
మెడ వచ్చింది. రెక్క వచ్చింది.
హంస.
జనవరిలో, మోకాళ్లు కొయ్యబారిపోతుంటే
చెరువు మీద రంపం పెట్టి నాన్న కోసిన నీళ్లవి.
రంపపు పొట్టులో ఆరునెలలు నిద్రపుచ్చిన నీళ్లు.
ఆ రాత్రి దాని వీపు మీద ఆల్చిప్పలు పరిచారట.
తెల్లారేసరికి మెడ వంగిపోయి
పళ్లెంలో తన నీళ్లు తనే తాగుతున్నట్టుందట.
గిన్నెలు తోమే డెలియా చెప్పింది, నవ్వుతూనే.
ఆ నీళ్లతోనే నేల తుడిచిందట తను.

ఆ జూలైలోనే, గాలాడని ఒక బుధవారం
మూడో అంతస్తులో బ్రిజిడ్ మల్‌క్వీనీ అట్ట
వంద మీదికి తిరిగింది.
నాన్న కిందినుంచి రెండుసార్లు చూశాడు.
పిల్లలు ఆడుతూ తిప్పేశారేమో అనుకున్నాడు.
తర్వాత గుర్తొచ్చింది,
ఆ ఇంట్లో ఉన్నది ఒక్కడే, వాడికింకా నడకే రాలేదని.
రెండు విడతలుగా మోశాడు. తలుపు దగ్గర ఏమీ అడగలేదు.
వాళ్లాయన చేపల పడవ శుక్రవారానికి గానీ రేవు పట్టదు.
అందాకా, తండ్రి చూసుకోడానికి,
బిడ్డ మిగలాలి.
డబ్బు మాటెత్తితే "వద్దమ్మా" అన్నాడు నాన్న.
ఆమె వినలేదు.
వారానికో అయిదు సెంట్ల నాణెం, పదకొండు వారాలు,
నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసి వెళ్లిపోయేది.
తీసివేతలు నాకు ఆమె నేర్పింది.

అక్టోబరుకు కొండమీది మేడలు కళ్లు మూసుకున్నాయి.
నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, బిల్లు మడిచి
జేబులో పెట్టుకుని బయల్దేరాడు.
ఇంగ్లీషు చదివి పెట్టడానికి నన్నూ తీసుకెళ్లాడు.
కాపలా ముసలాయన బిల్లు అటూ ఇటూ తిప్పి
"అయ్యగారు ఊళ్లో లేరు, వసంతంలో రండి" అన్నాడు.
చెడ్డవాడు కాదు.
లోపలికెళ్లి గాజుగ్లాసుతో నీళ్లు తెచ్చాడు.
అందులో ఐసు ముక్క.
నాన్న దాన్ని వెలుతురుకెత్తి చూశాడు.
లోపల ఒక గడ్డిపోచ, దాని పక్కన చిన్న బుడగ.
"మన చెరువుదే" అన్నాడు నాతో, మా పోర్చుగీసులో.
పదమూడేళ్లుగా ఐసు మోస్తున్న మనిషి
ఐసు కొరకడం నేను చూసింది అదే.
ఆ చప్పుడు ఖాళీ మేడలోకి వెళ్లి
ఏ గదిలో కూర్చుందో, తిరిగి రాలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "ఇచ్చారా?"
"ఇచ్చారు" అన్నాడు నాన్న. "కొంచెం."
నేను పుస్తకం తెరిచి
ఎంత తీసెయ్యాలో తెలియక
పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.