పళ్ల మధ్య విజిల్

ఆదోనిలో పొద్దున అయిదున్నరకు
జిన్నింగు మిల్లు గోడ దాటి దూది ఎగిరొచ్చి
నేను సున్నంతో గీసిన గీత మీద వాలతాది.
ఏది గీతో ఏది దూదో
పిల్లలు కాళ్లతోనే తేల్చుకోవాల.

ఉరుకుందమ్మ, ఎనిమిదో తరగతి.
ఈరన్నస్వామికి మొక్కుకుని పెట్టిన పేరు.
"మే, నీ పేరులోనే ఉరుకుంది" అని
తోటి పిల్లలు ఆట పట్టిస్తారు.
పదిహేనువందల మీటర్లు, మా గ్రౌండుకు అయిదు రౌండ్లు.
మొదటిది ఎవరో తరిమినట్టు పోతాది.
మూడోదానికి డొక్కలో పోటు.
నాలుగోదానికి మోకాళ్ల మీద చేతులు.

నాకు తెలుసు.
"నిదానం పాపా" అని గొంతు దాకా వస్తాది.
విజిల్ పళ్ల మధ్య పెట్టి కొరికి పట్టుకుంటా.
ఆ ప్లాస్టిక్ మీది గాట్లు లెక్కబెడితే
ఎన్ని మాటలు మింగినానో తెలుస్తాది.

ముందు ఇట్ల ఉండేవాణ్ణి కాదు.

మద్దిలేటి అని ఒకడుండె,
పత్తి బేళ్లు మోసే హమాలీ కొడుకు.
వాని ప్రతి అడుగూ నా నోటితోనే వేయిస్తి.
ఇప్పుడు పట్టు. ఇప్పుడు వదులు.
చెయ్యి దించు. ముందరోని నీడ తొక్కు.
మండలంలో గెలిచె, డివిజన్లో గెలిచె,
పేపర్లో వాని పేరు పక్కన నా పేరు పడె.
కర్నూలు స్టేడియంలో మమ్మల్ని కంచె అవతల నిలబెట్టిరి.
మైకు మోతలో నా అరుపు నాకే వినపడలే.
రెండో మలుపులో వాడు
ఉరుకుతా ఉరుకుతా తల తిప్పి నా కోసం వెదికె.
తర్వాతి మలుపులో మళ్లీ.
తర్వాత మళ్లీ.

ఆరో స్థానం.
బస్సు ఎమ్మిగనూరు దాటేదాకా మాట్లాడలే.
దాటినాక అడిగె,
"సార్, మీరు యాడుంటిరి?"

తప్పు ఎవరిదో నాకు తెలిసొచ్చేసరికి
వాడు స్పైక్స్ వాపసిచ్చి
లారీ క్లీనరుగా బళ్లారి దిక్కు పోయినాడు.

ఈ పొద్దు కూడా ఉరుకుందమ్మ నాలుగో రౌండులో కూలబడింది.
నీళ్లిచ్చినా. మాట ఇయ్యలే.
పిల్లలంతా మెట్ల మీద ఉగ్గాని పొట్లాలు విప్పుతాంటే
ఆ పిల్ల పుల్ల తీసుకుని
మట్టిలో అయిదు సున్నాలు గీసె.
మొదటిది చెరిపేసి చిన్నగా గీసె.
నా దిక్కు చూసె.
నేను బూటు లేసు ముడేసుకునేవాని మాదిరి వంగితి.

"సార్, మా యవ్వ రొట్టె కాల్చేటప్పుడు
మొదట్లోనే మంట ఎగదోస్తే
అంచులు మాడి నడుమ పచ్చి ఉంటాది.
అట్లనేమో?"

"అట్లనేమో" అంటి నేను కూడా,
ఏమీ తెలియనోని మాదిరి.

పదిరోజులకు స్కూళ్ల పోటీలు.
మొదటి రౌండు మరీ నిదానం చేసె,
పెళ్లి నడక.
చివరి రౌండులో అయిదుమందిని దాటె గానీ గీత ముందే వచ్చేసె.
నాలుగోది.
ఏడవలేదు. కోపంతో ముక్కుపుటాలు అదిరె.
"ఇంకా రెండు రౌండ్లు ఉరికే దమ్ముండాది సార్ నాకు!
యాడ దాచిపెట్టుకుంటినో!"

ఇది కొత్త తప్పు. దాని సొంతం.
ఒక్క మలుపులో కూడా నా దిక్కు చూడలే.

విజిల్ తీసి చొక్కాకు తుడుచుకుంటి.
ఊదకుండానే
లోపలి గింజ గలగలమనె.