ఎడమ పక్క, పదో అంతస్తు

రాటర్‌డామ్ దాటిన రెండో రోజు
సరంగు ఒక డబ్బా పసుపు రంగు నా చేతికిచ్చి
గీత గియ్యమన్నాడు:
ఈత కొలను చివరి నిచ్చెన నుంచి కమ్మీ దాకా.
గీతకి ఎడమ పక్క కాల్చుకోవచ్చు,
కుడి పక్క కూడదు.
నేను ఇలోయిలోవాణ్ణి, పేరు రొడెలియో.
ఇసుక డబ్బాల్లో పీకలు ఏరడం నా పని.
గీత తిన్నగానే గీశాను.
గాలికి మాత్రం ఎవరూ చూపించలేదు దాన్ని.

నిరుటి దాకా ఎవరి బాల్కనీలో వాళ్ళు కాల్చుకునేవారు.
ఈ ఏడు నుంచి కుదరదనీ,
పట్టుబడితే రెండొందల యాభై డాలర్లనీ
ప్రతి దిండు మీదా ఒక కార్డు,
పక్కనే ఒక చాక్లెట్.
పొమ్మనలేక పొగబెట్టడం విన్నాం గానీ
పొగనే ఇంత మర్యాదగా పొమ్మనడం
ఇదే చూడటం.

తొమ్మిదో అంతస్తులో వీబె హూక్‌స్ట్రా,
హార్లింగెన్ రేవులో ముప్పై ఎనిమిదేళ్ళు క్రేను నడిపినవాడు.
సరిగ్గా ఆయన కింద గదిలో
స్వాన్సీ నుంచి వచ్చిన గ్వెన్‌లియన్ ప్రైస్,
ఒకటిన్నర ఊపిరితిత్తితో.
ఆరేసిన తువ్వాలుకి చిల్లు పడింది,
శనగగింజంత.
దాన్ని జెండాలా పట్టుకుని
రిసెప్షన్ దాకా నడిచింది,
మధ్యలో రెండుసార్లు ఆగి.

"బాల్కనీకి డబ్బు కట్టాను" అన్నాడాయన.
"నేనూ కట్టాను, గాలితో సహా."
"టికెట్టు కొన్నప్పుడు ఈ రూలు లేదు."
"నేను పుట్టినప్పుడు ఈ జబ్బూ లేదు."
హోటల్ మేనేజరు స్టమాటియా
ఇద్దరికీ చెరో కాఫీ ఇప్పించి
రూళ్ళ పుస్తకం తెరిచింది.
అందులో పొగకి నాలుగు పేజీలు.
గాలికి ఒక్క ముక్కా లేదు.

ఆ సాయంత్రం బిస్కే అఖాతంలో ఓడ మలుపు తిరిగింది.
ఎడమ పక్క పొగంతా గీత దాటి వచ్చి
కుడి పక్క కుర్చీల్లో తీరిగ్గా కూర్చుంది.
అరుపులు. ఎవరో గ్లాసు తన్నేశారు.
ఒక బెల్జియం పళ్ళ డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని
టేపు పెట్టి కొలిచి,
"అసలు గీతే వంకర" అన్నాడు.
ఆ మాట నాకు రెండ్రోజులు గుచ్చుకుంది.

వీబె తల పైకెత్తి ఓడ గొట్టం చూపించాడు.
దాని నల్లటి జడ తూర్పుకి విప్పుకుంటోంది.
"పగలూ రాత్రీ కాలుస్తూనే ఉంది.
దానికి జరిమానా ఎవరు వేస్తారు?"
ఊపిరి కూడదీసుకోడానికి ఆమెకి కొంత సేపు పట్టింది.
"అది నన్ను మదీరా తీసుకెళ్తోంది.
మీది ఎక్కడికి తీసుకెళ్తుంది?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.
నవ్వు మధ్యలో దగ్గయింది,
ఇక మళ్ళీ నవ్వు కాలేదు.
ఆమె తల కొంచెం పక్కకి వంచి వింది,
తను ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి చిరునామా
ఎవరో పైకి చదువుతున్నట్టు.

రాజీ పడ్డారని చెప్పగలిగితే బావుండును.
పడలేదు.
ఫిర్యాదు కాగితం ఇచ్చే తీరింది,
నేనే మోసుకెళ్ళాను.
మడత విప్పకూడదు. విప్పాను.
గది నంబరు, తేదీలు, తువ్వాలు ధర.
కింద వేరే సిరాతో:
"ఎడమ పక్క మూలకి ఒక గాలితెర కట్టించండి.
ఆ మనిషి చలికి వణుకుతున్నాడు."

జరిమానా మర్నాడే పడింది.
తెర సంగతి వచ్చే సీజన్‌లో చూస్తామన్నారు.

అర్ధరాత్రి పని దిగి
మూడో అంతస్తు వెనకాల, మోకులు చుట్టి ఉంచే చోట
మావాళ్ళతో నిలబడతాను.
గోళ్ళ చుట్టూ ఇంకా పసుపు రంగు.
ఇక్కడ గీత లేదు, డబ్బా ఒకటుంది,
పదిమందికీ కలిపి ఒక లైటరు.
లాండ్రీలో కొత్తగా చేరిన సుగెంగ్‌కి ఉబ్బసం,
ఉత్త కబుర్ల కోసం వస్తాడు.
గాలి వచ్చే పక్క వాడిది.
గాలి మారితే
మాట ఆపకుండానే
అందరం ఒక అడుగు జరుగుతాం.