రంగు పట్టిందా

నాలుగు మిల్లీమీటర్ల ముక్క.
అద్దకం పనివాడి నడుం వెనక నుంచి తీసింది.
సీసా మీద పేరుండకూడదు, రూలు.
పదిహేడో నంబరు అని మాత్రం రాసుంది.
నాకు తెలుసు, చెంగల్రాయుడు.

అడయారు ఓపీ వరండాలో నేను ఫోన్లో మాట్లాడుతుంటే
తెలుగు విని పక్కకి జరిగి కూర్చున్నాడు.
"మీది నెల్లూరా అమ్మా? మాది ఇక్కడే, కొండిత్తోపు.
నాలుగు తరాలయింది. చదివింది తమిళం, తిట్టేది తెలుగు."

తొమ్మిదేళ్ళు తామరన్నారట.
భార్య వేపాకు నూరి పట్టించింది.
మందుల షాపువాడు ఎనిమిది రకాల ట్యూబులమ్మాడు.
రంగు తొట్లలో చేతులు పెడతావు కదా, అది పడలేదన్నారు.
చేతులు బాగానే ఉన్నాయి సార్,
మచ్చలు నడుం కింద కదా అంటే
ఎవరూ వినలేదు.

మైనంలో కూర్చున్న ఆయన చర్మం
కత్తి కింద రిబ్బనులా సాగి వస్తుంది.
రంగులో ముంచి అద్దం కింద పెట్టాను.
గులాబి నేల మీద ఊదా చుక్కలు,
పైపొరలోకి ఎక్కుతున్నాయి
గోడెక్కే చీమల బారులా.

బయటివాళ్ళు కాదు. కాపలావాళ్ళే.
కంచే చేను మేసింది, సరే,
సామెతతో ప్రయోగం ముగియదు కదా.
ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఈశ్వరుడి దగ్గర మాస్ స్పెక్ట్రోమీటరు లేదు లెండి.
మా దగ్గరున్నది కూడా వారానికి రెండుసార్లు మొరాయిస్తుంది.

ప్రతి కణమూ తన లోపలి సరుకును
తుంపి తుంపి గుమ్మంలో ఆరబెడుతుంది,
తొమ్మిది, పది పూసల దండలుగా.
వాటిని ఆమ్లంతో ఊడగడిగి తూచి
దొంగ గుమ్మంలో ఉండి
మంచివాడి గుమ్మంలో లేనిదేదో వెతకాలి.
మూడువేల రెండువందల దండలు.
మామూలు చర్మంలో దొరికినవి కొట్టేశాను.
నెత్తురులో దొరికినవి, గుండెలో దొరికినవి కొట్టేశాను.
ఒకటి
వృషణాల్లో తప్ప ఒంట్లో ఎక్కడా కనపడని ప్రోటీను తునక.
నడుం మీద దానికేం పని?
దాని పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకున్నాను.

ఎందుకింత చాదస్తమంటే
దొంగదీ కాపలావాడిదీ ఒకటే యూనిఫారం.
ఆ బట్టలున్న ప్రతివాణ్ణీ కాల్చెయ్యమంటే
దొంగా పోతాడు, కాపలా మొత్తమూ పోతుంది.
తర్వాత ఓ చిన్న దగ్గు వచ్చి తలుపు తోసినా
అడ్డేవాడుండడు.

చివరికి పదకొండు మిగిలాయి.
దాతలిచ్చిన నెత్తుట్లోని టీ కణాలకి
ఒక్కొక్కటే చూపించాం, వీణ్ణి గుర్తుపడతారా అని.
పది గుంటలు తెల్లగా, ఖాళీగా.
ఏడో దాంట్లో చుక్కలు.
లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.
నక్షత్రం పెట్టుకున్నది కాదది,
నేను పట్టించుకోనిది.

ముగ్గురు దాతల్లో ఇద్దరికే వచ్చింది.
ఇది మందు కావాలంటే ఎలుకలు కావాలి, ఏళ్ళు కావాలి,
సంతకాలు కావాలి.
ఆయనకి అరవై మూడు.

బుధవారం లైటు పెట్టెలో నిలబడి బయటికొచ్చి
కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు:
"నా ముక్కకి ఏం రంగు పట్టిందమ్మా?"
ఊదా అన్నాను.
"అయ్యో, మొండిది. ఉతుక్కి లొంగదు.
దానికి సరిపడే మందు పడాలి.
ముందు అంచు మీద ఓ చుక్క వేసి చూస్తాం మేము.
రంగొక్కటే పోవాలి, నూలు చివకకూడదు."

ఏడాదిన్నర మీటింగుల్లో
మా ప్రాజెక్టు గురించి ఎవరూ
ఇంత పొట్టిగా చెప్పలేదు.

ఇంకో ముక్క కావాలి. మొదటిది అయిపోయింది.
ఎలా అడగాలో తెలియక
చేతిలో ఫారాన్ని నాలుగు మడతలు పెట్టాను.
ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు,
చొక్కా వెనక్కి ఎత్తి పట్టుకున్నాడు.

"ఈసారి ఎడంపక్క కొయ్యి తల్లీ.
కుడిపక్కకి తిరిగి పడుకుంటా నేను."