ఏడు కాదు, ఆరు

గుడిపాల రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ
జూన్ నెలంతా రెండు షిఫ్టులు తిరగతాది.
బస్సు దిగితే చాలు, తోతాపురి వాసన.
ఏడున్నరకే తల్లులు బిడ్డల్ని తెచ్చి
మా అంగన్‌వాడీ గడప మీద దించేసి పోతారు,
ఒక్కొక్కరి కంట్లో ఇంకా పుసి కూడా తీసుండరు.

సూపర్‌వైజరమ్మ ఇచ్చిన పటంలో
ఆపిలు పండ్లు, నున్నగా, ఎర్రగా.
"ఎన్నుండాయో చెప్పండ్రా" అంటే
ఒకడు గోడ మీది బల్లిని చూస్తాడు,
ఒకతి నా కొంగు కొస నములుతాది.
పటం చుట్టేసి బీరువా మీద పెట్టినా.

అనగనగా, అన్యా.
బల్లిని చూసేవాడు కూడా ఇటు తిరిగినాడు.

అనగనగా ఒక రాక్షసి.
చెవులు చేటలంత, ఆకలి చెరువంత.
"చేటంటే?" అనింది జశ్విత.
ఆయా మునెమ్మ చేతిలోదాన్నే లాక్కొచ్చి చూపించినా,
ఏరతా ఉండిన కందిపప్పుతో సహా.

ఎవురూ భయపడలా.
భయపడమని నేనూ చెప్పలేదు గానీ
కొంచెం ఆశపడినా.
"గంగజాతరకి మా మామ చీర కట్టినాడు మేడం,
ఇంతకంటే పెద్దగుండె."

రాణి తోటలో పది కాయలు.
కడిగి, ఎండబెట్టి దాచిన టెంకలు
చాప మీద పోసినా.
ఒకదానికి గడ్డం, ఒకదానికి జడ.
లెక్క ఇంకా మొదలే గాలేదు,
చిన్నదాని పక్కన పెద్దది, దాని పక్కన ఇంకా పెద్దది
వరస పెట్టేసినారు, నేను అడగనే లేదు.

రాక్షసి వచ్చె.
కరకర. కరకర. కరకర.
మూడు తినేసి బ్రేవుమనె.
మిగిలినవి ఎన్ని?

ఏడనింది జశ్విత. ఏడు, ఏడు, అని
చూడకనే అరిచినారు తతిమ్మావాళ్లు.

ఆరు, అన్నాడు వేలు.

చేరి మూడు వారాలైనా నోరు విప్పని వేలు.
ఇంట్లో అరవం, ఇక్కడ మౌనం.
ఆరు అక్కడా ఆరే, ఇక్కడా ఆరే,
ఏడు కాడే కదా నాలుక మడత పడేది,
తెలిసిన గట్టు మీదే నిలబడిపోయినాడేమో
అనుకున్నా నేను.

"మళ్లీ ఎంచు నాయినా."
తల అడ్డంగా ఊపి పిడికిలి తెరిచినాడు.
దాంట్లో ఒక టెంక, చెమటకి తడిసి.
"పాపకి."
ఏ పాపకి?
"రాక్షసి పాపకి."

ఎన్నేండ్లుగా చెప్తా ఉండానో ఈ కథ,
రాక్షసికి ఒక పాప ఉంటాదని
నాకు తోచనే లేదు.
ఇంత పొద్దున్నే ఆ పాపని
యాడ దించి వచ్చిందో.

రిజిస్టరులో గడి ఉండాది:
తీసివేత వచ్చినదా, రాలేదా.
పెన్ను మూత తీసి, మళ్లా పెట్టేసినా.

మర్నాడు ఆ పాపకి పేరు కావాలన్నారు.
టెంకకి టనే కదా, ట తోనే ఉండాలంట.
టమాటా వద్దు, టపాకాయ వద్దు,
గంట సేపు కొట్లాడి
టుంటుం అని ఖాయం చేసినారు.
టుంటుంకి మూడు దాకే వచ్చు,
నాలుగు కాడ ఏడస్తాది.
దానికి నేర్పించే పని వేలుది.
నాలు, నాలుగు. అంజు, అయిదు.
గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి
ఒక్కో అంకెనీ రెండుసార్లు తినిపిస్తా ఉండాడు.

షిఫ్టు వదిలినంక వాళ్లమ్మ వచ్చింది,
మోచేతుల దాకా పసుప్పచ్చ.
ఆమె చేతులు రెండూ పట్టుకొని
గడపలోనే ఎంచడం మొదలుపెట్టినాడు.
కత్తి తెగి గుడ్డ చుట్టిన వేలు కాడ
మా వేలు ఆగినాడు.
దాన్ని రెండుసార్లు ఎంచినాడు.

పదకొండు, అన్నాడు నా వైపు చూసి.

ఔను, అన్నా.