నాలుగు నెలలు

రెండు సంచులు, ఒక కుట్టుమిషను, తమ్ముడు, నేను
తెనాలిలో బండి మారి
అమ్మ వెనకాల గుంటూరు వచ్చాం.

ఏటుకూరు రోడ్డులో ఆ ఇంటికి
అప్పటికే ఒక పెద్దపిల్ల ఉంది.
కెజియా. నాకన్నా నాలుగు నెలలు ముందు పుట్టింది.
"అక్కా అని పిలువమ్మా" అంది వాళ్ళ నాయనమ్మ,
వడియాలు ఎత్తిపెట్టమన్నంత తేలిగ్గా.
పద్నాలుగేళ్ళు నేనే పెద్దదాన్ని.
గోంగూరలోకి ఉల్లిపాయ ముందు నాకే, దెబ్బలూ ముందు నాకే.
నాలుగు నెలల తేడాకి అదంతా పోయింది.

ఆయన మిర్చి యార్డులో కాటా వేస్తాడు.
చీకటిపడి వచ్చి, చొక్కా విప్పి దండెం మీద వేస్తే
నేనూ తమ్ముడూ తుమ్ములే తుమ్ములు.
కెజియా, ఆమోసు కంచాల ముందు కదలకుండా కూచుని
లెక్కపెట్టేవాళ్ళు.
"పదకొండు" అనేవాడు ఆమోసు.
ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి ఘాటు అంటదు.

తుమ్ములకి ఒక మేలుంది,
ఏడిచినా తెలియదు.

ఆయన్ని నేను ఏమనీ పిలవలేదు.
"అన్నానికి రమ్మంటోంది అమ్మ" అని గోడకి చెప్పేదాన్ని.
గోడ వచ్చేది కాదు, ఆయన వచ్చేవాడు.

ఒకటే మంచం. కెజియా గోడవైపు.
మధ్యలో దుప్పటి మడిచి సరిహద్దు పెట్టింది.
కరెంటు పోయిన రాత్రి ఇద్దరం దాన్ని తన్నేసి
తెల్లారి, ఎవరు తన్నారని గొడవ.
ఒకసారి నిద్దట్లో "అమ్మా" అంది.
పక్కగదిలోంచి మా అమ్మ "ఆఁ" అని పలికింది.
ఏ అమ్మనో నేనడగలేదు, కెజియా చెప్పలేదు.
మర్నాడు నా జడ మాత్రం
నొప్పెట్టేంత బిగించి అల్లింది.

వేసవిలో చీరాల నుంచి మేనత్త వచ్చింది,
మా నాన్న చెల్లెలు, ఎలా ఉన్నామో చూసిపోదామని.
చొక్కా దండెం మీద పడిందో లేదో
చెంగు అడ్డం పెట్టుకుని మొదలెట్టింది.
"ఏడు" అన్నాను నేను.
"ఎనిమిది" అంది కెజియా.
ఆమోసుకి పొలమారింది. మెతుకులు ఎగిరిపడేలా
ముగ్గురం నవ్వు, ఒకటే నవ్వు.

అప్పుడు చూశాను.
కళ్ళు తుడుచుకుంటూ అత్త నా వంకే చూస్తోంది.
అచ్చం మా నాన్న ముక్కు ఆమెది,
ఎర్రగా కందిపోయి.

నేను తుమ్మడం ఏనాడు మానేశానో
ఎంత వెనక్కి లెక్కపెట్టినా దొరకలేదు.
తలుపు చాటున తమ్ముడొక్కడే
అత్తతో సమంగా
ఇంకా తుముతూనే ఉన్నాడు,
కావాలనే అనుకుంటాను.