మూడో బెంచీ

పడవ దిగేసరికి లాబ్రడార్ గాలి మొహాన కొట్టింది.
రేవులో కాడ్ చేపల వాసన లేదిప్పుడు.
చేపలే లేవు.

పదకొండేళ్లు.
చర్చి తలుపు ఇంకా నేలకు రాసుకుంటోంది,
కాస్త ఎత్తి తోయాలని
నా భుజానికి గుర్తుంది.

లోపల తొమ్మిది మంది.
పొయ్యి మీద ఆరేసిన ఉన్ని చేతితొడుగులు
ఆవిరి కక్కుతున్నాయి.
కీర్తనల అంకెల పలక ఒక పక్కకే వాలి ఉంది
నేను మంచుముద్ద విసిరిన ఆదివారం నుంచీ.

వెనకాల నిలబడ్డాను, చుట్టంలా,
టోపీ ఎక్కడ పెట్టుకోవాలో తోచక.

ట్రిఫీనా అవ్వ తల తిప్పలేదు.
ఇన్నాళ్లూ ఎక్కడన్నది అడగలేదు.
మూడో బెంచీలో కాస్త జరిగి,
"కట్టెలు అయిపోయాయి అజర్యా,
ఈ వారం వంతు మీ ఇంటిదే" అంది.

మా ఇల్లు కూలి ఆరేళ్లయింది.
వంతుల కాగితంలో మాత్రం
ఎవరూ కొట్టేయలేదు.

కట్టెల కొట్టంలో ఉండగానే
లోపల పాట ఎత్తుకున్నారు,
ఎప్పటిలాగే శ్రుతి దిగజారి.
ఎవరి గొంతు ఎక్కడ తప్పుతుందో
వరసగా చెప్పగలను.

రెండు చేతుల నిండా కట్టెలు.
తలుపు, మళ్లీ భుజంతోనే.